నల్ల మార్టినీ – ఒక ఆబ్కారీ గుమాస్తా లెక్క

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన సంఘ కార్యదర్శిగారు అడిగారు. తోటి మిత్రులు కోటల గురించీ, గుళ్ళ గురించీ, స్వాతంత్ర్య పోరాటం గురించీ నాకంటే బాగా రాయగలరు. నాకు చేతనైన చరిత్ర ఒకటే. ముప్పై ఆరేళ్ళ సర్వీసూ ఆబ్కారీ శాఖలో గుమాస్తాగా గడిచింది. స్పిరిట్ నిల్వల రిజిస్టర్లు, డిపో చలాన్లు, సారా పాటల ఫైళ్ళు – ఇవే నా గ్రంథాలు. ఇంత రాసి కూడా చుక్క ముట్టినవాడిని కాను. ముట్టనివాడికి ఈ గొడవ ఎందుకని పాఠక మిత్రులు అడగవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి.

రిటైరయిన మరుసటి ఏడు, 2009 వేసవిలో, నేనూ మా ఇంటావిడా న్యూజెర్సీలో ఉన్న అమ్మాయి దగ్గరకు వెళ్ళాము. ఒక శనివారం సాయంత్రం అల్లుడు వంటగదిలో సీసాలు ముందు పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే పాపం వాటిని తువాలు కింద దాచబోయాడు. "ఫరవాలేదు బాబూ, వీటి లెక్కలు రాసే మీ అత్తయ్యకు నగలు చేయించాను" అన్నాను. అతను సిగ్గుపడి, "మార్టినీ అండీ మామయ్యగారూ, నల్ల మార్టినీ" అన్నాడు. పొడుగాటి కాడ మీద గరాటా నిలబెట్టినట్టున్న గ్లాసు. అందులో అల్లనేరేడు పండ్ల రసంలా నిగనిగలాడుతూ, దీపానికి అడ్డంగా పెడితే అంచున మాత్రం ఊదారంగు కనిపించే ద్రవం.

నేను చూసిన వోడ్కా అంతా నీళ్ళలా ఉండేది. ఇది నల్లగా ఎలా ఉందని అడిగాను. బ్లావాడ్ అనే ఈ నల్ల వోడ్కా 1996లో బ్రిటన్‌లో వచ్చిందట. దానికి రంగు క్యాటెచూ అనే చెట్టు సారంతో వేస్తారని అల్లుడు కంప్యూటరులో చూసి చెప్పాడు. క్యాటెచూ అంటే మరేమీ కాదు, కాచు! మన అడవుల్లోని సండ్ర చెట్టు చేవను ఉడికించి తీసే కాచు. మా ఇంటావిడ హాల్లోంచే "తాంబూలంలో వేసుకునేది సారాలో పోసుకుంటారటండీ!" అని ముక్కున వేలేసుకుంది.

అక్కడినుంచి నాకు ఫైలు తెరిచినట్టయింది. ఉన్న మూడు నెలల్లో ఆ ఊరి లైబ్రరీకి వెళ్ళి, ఈ గ్లాసులోకి ఏది ఎక్కడినుంచి వచ్చిందో చదివాను.

మార్టినీ పుట్టింది అమెరికాలో, పందొమ్మిదో శతాబ్దం చివర్లో. అప్పుడందులో వోడ్కా లేదు. జిన్, వెర్మూత్ కలిపేవారు. జెర్రీ థామస్ అనే పేరుమోసిన బార్ నిర్వాహకుడు 1885లో చనిపోయాక, 1887లో వచ్చిన ఆయన పుస్తకం ముద్రణలో మార్టినెజ్ అనే పానీయం ఉంది. కాలిఫోర్నియాలోని మార్టినెజ్ పట్టణం వారు ఈ పేరు మాదేనంటారు. కాదు, 1863 నుంచి వెర్మూత్ చేస్తున్న ఇటలీ మార్టినీ కంపెనీ పేరేనని మరికొందరు. ఇక వెర్మూత్ అనేది కొన్ని మూలికలు వేసిన ద్రాక్ష సారాయం. ఆ పేరు జర్మన్ భాషలో ఒక చేదు మొక్కది. ఆ మొక్క, వినాయక చవితి పత్రిలో మనం మొదట వేసే మాచిపత్రి, ఒకే జాతివి. ఒక గ్లాసులో కాచు, మాచిపత్రి చుట్టం. ఇక పరాయిదని ఎలా అనను?

జిన్ స్థానంలోకి వోడ్కా రావటానికి ముందు అమెరికాలో మద్యనిషేధం నడిచింది. రాజ్యాంగ సవరణ 1919 జనవరి 16న ఆమోదం పొంది, ఏడాది తరువాత 1920 జనవరి 17న అమలయింది. మన రాష్ట్రంలో రామారావుగారి సంపూర్ణ నిషేధం 1995 జనవరి 16న వచ్చింది. ఈ తేదీల పోలిక చూసి లైబ్రరీలో కాసేపు అలాగే కూర్చున్నాను.

అక్కడి నిషేధం దాదాపు పద్నాలుగేళ్ళు సాగి 1933 డిసెంబరు 5న పోయింది. ఆ కాలంలో జనం ఇళ్ళలోనే స్పిరిట్‌కు జునిపెర్ నూనె కలిపి జిన్ చేసుకునేవారు. దాని కంపు పోవడానికి పళ్ళరసాలు, చక్కెర పాకం పోసేవారు. పరిశ్రమలకు ఇచ్చే స్పిరిట్‌ను దొంగలు మళ్ళించి శుద్ధిచేసి అమ్ముతుంటే, ప్రభుత్వం అందులో విషం పాళ్ళు పెంచింది. 1926 క్రిస్మస్ రోజుల్లో న్యూయార్క్‌లో డజన్లకొద్దీ మనుషులు ఆస్పత్రుల పాలయ్యారు. ఎందరో చనిపోయారు. ఆ నగరపు ప్రధాన వైద్య పరీక్షకుడు చార్లెస్ నారిస్ దీన్ని బహిరంగంగానే తప్పుపట్టాడు. ఆ విషంలో ముఖ్యమైనది మిథైల్ ఆల్కహాల్. అది ఒంట్లోకి వెళ్ళాక ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కంటిచూపును తీస్తుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. డినేచర్డ్ స్పిరిట్ రిజిస్టరు కొన్నేళ్ళు నా దగ్గరే ఉండేది. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన 1992 ఉద్యమం, 1993 అక్టోబరు 1న సారా నిషేధం, తరువాత సంపూర్ణ నిషేధం – ఇవన్నీ మా బల్లల మీదుగానే వెళ్ళాయి. ఆ ఆడవాళ్ళు గెలిచినందుకు సంతోషించిన గుమాస్తాల్లో నేనొకణ్ణి. మా తమ్ముడు లారీ మెకానిక్కు. సాయంత్రమైతే పాకెట్టు లేనిదే ఉండలేనివాడు. ఇకనైనా బాగుపడతాడనుకున్నాము. నిషేధం అమల్లో ఉండగానే, 1996లో ఒక రాత్రి, ఎవరో రహస్యంగా తెచ్చి ఇచ్చినదేదో తాగి ఇంటికొచ్చాడు. తెల్లవారుజామున నన్ను పిలిచి, "అన్నయ్యా, లైటు వెయ్యరా" అన్నాడు. లైటు వెలుగుతూనే ఉంది. ఆ మాటకు అర్థం ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మధ్యాహ్నానికి పోయాడు. మా అమ్మకు గుండెపోటని చెప్పాము. ఆమె పోయేదాకా అదే మాట మీద ఉన్నాము. 1997లో నిషేధం సడలించినప్పుడు మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

గ్లాసు సంగతికి వస్తాను. మాస్కోలో 1860లలో వ్యాపారం పెట్టిన ప్యోత్ర్ స్మిర్నోవ్ వోడ్కా రాజుల దర్బారు దాకా పోయింది. విప్లవం తరువాత ఆయన కుమారుడు వ్లదీమిర్ దేశం విడిచాడు. అమెరికా హక్కులను 1933లో రుడాల్ఫ్ కునెట్ అనే వలసదారు కొని, మరుసటి ఏడు కనెటికట్ రాష్ట్రంలో బెతెల్ అనే ఊళ్ళో డిస్టిలరీ పెట్టాడు. గిరాకీ లేదు. 1939లో హ్యూబ్లైన్ కంపెనీకి 14 వేల డాలర్లకు అమ్ముకున్నాడు. ఆ కంపెనీ వారు దాన్ని అల్లం సోడాతో కలిపించి జనానికి అలవాటు చేశారు. నోట్లో వాసన మిగలకపోవటం దాని అదృష్టం! 1953లో వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ నవలలో ఆ గూఢచారి జిన్, వోడ్కా రెండూ కలిపించుకుంటాడు. 1962 నుంచి వచ్చిన సినిమాల్లో వోడ్కా మార్టినీయే ఊరూరా తెలిసింది.

ఇక పండు. వోడ్కాలో పళ్ళు ఊరబెట్టటం రష్యా, పోలండ్ ఇళ్ళలో పాత ఆచారం. అడవిలో కోసిన పళ్ళను చక్కెరతో జాడీలో పోసి, వోడ్కా నింపి, వారాల తరబడి ఉంచి వడకట్టుకుంటారు. రష్యన్లు దీన్ని నలివ్కా అంటారు. మా అమ్మ మాగాయ జాడీకి గుడ్డ వాసెన కట్టి, పిల్లలు ముట్టకుండా అటక ఎక్కించిన తీరే. ఫ్రాన్స్‌లో దిజోఁ పట్టణంలో 1841లో లాగూత్ అనే ఆయన బ్లాక్ కరెంట్ పండుతో తియ్యటి మద్యం మొదలుపెట్టాడు. అమెరికా వాళ్ళకు ఈ పండు రుచి చాలాకాలం తెలియదు. ఆ మొక్క వల్ల పైన్ చెట్లకు తెగులు వస్తోందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాని సాగు నిషేధించారు. కేంద్రం 1966లో ఎత్తేసినా న్యూయార్క్ రాష్ట్రం 2003లో గానీ ఒప్పుకోలేదు. సారాకే కాదు, పండుకూ నిషేధం! అల్లుడు వాడినది షాంబోర్ అనే నల్ల రాస్ప్‌బెర్రీ మద్యం. గుండ్రటి సీసా మీద బంగారు కిరీటం చూసి ఏ పధ్నాలుగో లూయీ కాలం నాటిదో అనుకుంటాము. వాళ్ళ ప్రచారమూ అదే. తీరా చూస్తే బజారుకు వచ్చింది 1982లో. నా సర్వీసు రిజిస్టరు దానికన్నా పదేళ్ళు పాతది.

సీసాల మీది ప్రూఫ్ లెక్క నన్ను ఒక రాత్రి నిద్రపోనివ్వలేదు. మన విస్కీ, బ్రాందీలు 25 అండర్ ప్రూఫ్, అంటే 75 డిగ్రీల ప్రూఫ్. నూటికి 42.8 పాళ్ళు ఆల్కహాల్. అమెరికా సీసా మీద 80 ప్రూఫ్ అని ఉంటే ఘాటు ఎక్కువేమో అనుకున్నాను. చూస్తే 40 పాళ్ళే! అక్కడ పాళ్ళను రెట్టించి ప్రూఫ్ అంటారు. మనకు వచ్చినది పాత ఇంగ్లీషు లెక్క. పూర్వం తుపాకీ మందు మీద స్పిరిట్ పోసి, అంటుకుంటే సరైన ఘాటు అనేవారట. ఆ 100 ప్రూఫ్ అంటే 57.15 పాళ్ళు.

తిరుగు ప్రయాణానికి ముందు శనివారం అల్లుడు, "ఈసారి మీరు కలపండి మామయ్యగారూ" అన్నాడు. కలిపాను. గ్లాసు అరగంట ముందే డీప్ ఫ్రీజరులో పెట్టాలి. మూత ఉన్న స్టీలు గ్లాసులో ఐసుముక్కలు నిండుగా వేసి, నల్ల వోడ్కా 60 మిల్లీలీటర్లు, షాంబోర్ 15 మిల్లీలీటర్లు పోసి, చేతికి స్టీలు చురుక్కుమనేదాకా పదిహేను ఇరవై సెకన్లు ఆడించాలి. వడకట్టి పోసి, నిమ్మతొక్క ముక్కను గ్లాసుపైన మెలిపెడితే దాని నూనె పైన తేలుతుంది. వెర్మూత్ లేకపోతే మార్టినీ కానేకాదని పాతకాపులు అంటారట. పేరుకు వాళ్ళు ఒప్పుకోకపోయినా నిమ్మతొక్క మాత్రం మానవద్దని అల్లుడి మాట.

ఐసు కరిగి ఓ 20 మిల్లీలీటర్ల నీళ్ళు చేరతాయి. వోడ్కాలో 24, షాంబోర్‌లో రెండున్నర, వెరసి ఇరవై ఆరున్నర మిల్లీలీటర్ల ఆల్కహాల్, మొత్తం 95లో. అంటే నూటికి 28. అల్లుడికి ఆ అంకె చెప్పాను. మా తమ్ముడి సంగతి అతనికి అమ్మాయి ఎప్పుడో చెప్పి ఉంటుంది. గ్లాసు అందుకుని, "ఒక్కటేనండీ" అన్నాడు. నేను అడగలేదు.

అతను తాగుతుండగా సీసాను వెలుతురుకు ఎత్తి మట్టం చూశాను. ఫ్రిజ్ మీదున్న పాత కరెంటు బిల్లు వెనక తేదీ వేసి, ప్రారంభ నిల్వ, వాడకం, ముగింపు నిల్వ రాసి సంతకం పెట్టాను.