ఊరుపర్వము: పశువైద్య పరిభాషలో ఒక చిక్కు

తిరువూరు ప్రాంతమున ఎద్దు గాని గేదె గాని కుంటినచో రైతు "మోకాలు పట్టినది" అనును. ఏ మోకాలని అడిగినచో ముంగాలి నడిమి కీలును చూపును. శరీరశాస్త్రరీత్యా అది మోకాలు కాదు. మన మణికట్టునకు సాటియైన కీలు. వెనుకకాలి నడుమ వెనుకకు పొడుచుకొని కనిపించునది మన చీలమండకు సాటి. నాలుగుకాళ్ళ జంతువునకు నిజమైన మోకాలు వెనుకకాలి పైభాగమున, పొట్టప్రక్కను, చర్మపు మడత చాటున నుండును. గుఱ్ఱమునకును కుక్కకును పిల్లికిని ఇదియే స్థితి. ఆంగ్లవైద్యులు దీనిని స్టైఫిల్ అందురు. తెలుగు వాడుకలో దీనికి ప్రత్యేకమైన పేరు నిలువలేదు.

ఇది కేవలము మాటల తగవు కాదు. కుంటు పశువునకు కీలుపై వాతలు పెట్టు ఆచారము మన పల్లెలలో చిరకాలము సాగినది. కీలు పేరు తప్పినచో వాత వేరొకచోట పడును. రోగము రోగముగనే యుండును. పశువునకు పుండు మాత్రము అదనము.

సంస్కృతమున ఈ చిక్కు లేదు. జానువునకు అమరసింహుడు ఊరుపర్వము, అష్ఠీవత్తు అను పర్యాయములను చెప్పినాడు. ఊరుపర్వమనగా తొడ ముగియుచోటి కీలు. మనుష్యునకు చెప్పిన ఈ మాట గుఱ్ఱమునకును తప్పక సరిపోవును. తొడయెముకను పట్టుకొని క్రిందికి పోయినవాడు ముంగాలికి చేరజాలడు గదా! మన 'మోకాలు' వంగు తీరును బట్టి పశువునకు అంటినది. 'ఊరుపర్వము' ఎముకను బట్టి పుట్టినది.

గుఱ్ఱపు కాళ్ళను గూర్చిన చింత దక్షిణదేశమునకు క్రొత్త కాదు. 13వ శతాబ్ది చివర వచ్చిన మార్కో పోలో, తమిళతీరమున మేలుజాతి జంటకు సైతము వంకరకాళ్ళ పిల్లలే పుట్టుచున్నవనియు, అశ్వవైద్యులు లేక గుఱ్ఱములు చచ్చుచున్నవనియు, వర్తకులు తమ బేరము తగ్గకుండుటకై ఆ వైద్యులను రానీయరనియు వ్రాసినాడు. ఆ వంకరకు ఏ కీలు కారణమో ఈనాడు నిర్ణయించబూనుట సాహసము. విజయనగరప్రభువు ఏటేట పదుమూడువేల గుఱ్ఱములను కొనుచుండెనని 16వ శతాబ్దిలో నూనిజ్ లెక్క చెప్పినాడు. ఇంత ధనము పోసి కొను జంతువునకు శాస్త్రము పుట్టుట సహజము. మనుమంచి భట్టు హయలక్షణవిలాసము తెలుగున అట్టి పద్యగ్రంథము. జయదత్తుని అశ్వవైద్యకము సంస్కృతమున ప్రసిద్ధము. నకులుని పేర వెలసిన అశ్వశాస్త్రమును తంజావూరు సరస్వతీమహలు వారు 1952లో రంగుబొమ్మలతో ప్రకటించిరి.

ఇక్కడ 'లక్షణము' అను మాటను గూర్చి ఒకింత ఆగవలసియున్నది. అశ్వశాస్త్రములలో లక్షణమనగా ప్రధానముగ సుడి, వన్నె, అవయవసౌష్ఠవము మొదలగు శుభాశుభచిహ్నము. వైద్యమున లక్షణమనగా రోగచిహ్నము. మొదటిది కొనువాని శాస్త్రము, రెండవది నయము చేయువాని శాస్త్రము. మన కవులను ఆకర్షించినది మొదటిదే యని నా అభిప్రాయము. శాలిహోత్రుని పేరు హిందూస్థానీలో సలోత్రియై గుఱ్ఱపువైద్యునికి పేరుగ మిగిలినది. ఆ శాస్త్రపు పరిభాష మాత్రము మన కళాశాలల గడప దాటలేదు. 1903లో మద్రాసునందును, 1955లో బాపట్లయందును (ఇది 1957లో తిరుపతికి మారినది), 1998లో గన్నవరమునందును పశువైద్యకళాశాలలు వెలసినవి. బోధన ఆంగ్లమున సాగినది. కావున వైద్యుడు 'స్టైఫిల్' అనును, రైతు 'మోకాలు' అనును. ఇరువురును వేర్వేరు కీళ్ళను తలచుచుందురు.

ఆ కీలు పనితీరు విచిత్రమైనది. గుఱ్ఱమునకు మోకాటిచిప్పను క్రిందియెముకతో కట్టు బంధనములు మూడు. వానిలో లోపలిది తొడయెముక చివరనున్న గట్టుపై తగులుకొనగా కాలు గడియపడినట్లు నిలుచును. గుఱ్ఱము నిలుచుండియే కునుకు తీయుట ఇందువలననే. ఆ గడియ విడనిచో కాలు వెనుకకు బిగిసి, గిట్ట కొన నేలను రాచుకొనుచు పోవును. గుఱ్ఱమును వెనుకకు నడిపించినచో ఒక్కొక్కప్పుడు గడియ టక్కున విడును. రోగనిర్ణయమునకు ఇదియే మంచి సాక్ష్యము. వాపు, నొప్పి ఉన్నచో కీలులో మత్తుమందెక్కించి కుంటు తగ్గునేమో చూచుట, ఎక్స్‌రే, అల్ట్రాసౌండు తోడ్పడును. చికిత్సలో మొదటిది తొడకండలకు బలమిచ్చు వ్యాయామము. లోపలి బంధనమును కోయుట వెనుక విరివిగ సాగినది; కోసిన పిదప కొన్ని గుఱ్ఱములకు చిప్ప చివర చిట్లుట కనిపించుటచే నేడు దానిని కడపటి ఉపాయముగ నుంచిరి. మన ఎద్దులకును గేదెలకును ఇదే గడియరోగము తఱచు. వానికి మాత్రము ఈ కోత నేటికిని చేయుచున్నారు, పశువు అప్పటికప్పుడే కాలు మడచి నడచును.

కుక్కకు ముఖ్యమైన బాధ వేరు. కీలు లోపల అడ్డముగ సాగు స్వస్తికబంధనములలో ముందటిది క్రమముగ శిథిలమై తెగును. వైద్యుడు తొడయెముకను ఒక చేత పట్టి, క్రిందియెముకను ముందునకు త్రోసి చూచును. సొరుగువలె జరిగినచో బంధనము తెగినట్లే. చిన్నకుక్కలకు కీలు వెలుపల దారముతో కట్టు వేయుదురు. పెద్దకుక్కలకు క్రిందియెముక తలను కోసి, వాలు తగ్గించి పలకతో బిగించు పద్ధతిని 1993లో స్లోకమ్ ప్రకటించెను. చిన్నజాతులలో చిప్ప లోపలికి జారుట మరియొక రోగము. 1968లో పట్నమ్ దానిని నాలుగు తరగతులుగ విభజించెను. పిల్లికి ఈ కీటిదెబ్బలు తక్కువ. బంధనము తెగినను విశ్రాంతితో, బరువు తగ్గించుటతో పెక్కు పిల్లులు కోలుకొనును.

ఇన్నిటికిని ముందు కావలసినది ఆ కీలును గుర్తించుట. దీనికి శాస్త్రగ్రంథముతో పనిలేదు. మోకాటిచిప్ప యను మాట పల్లెలో పసివానికిని తెలియును. ముంగాలి నడిమి కీలును తడిమినచో అక్కడ చిప్ప లేదు. వెనుకతొడ వెంట ముందునకు చేయి జార్చినచో పొట్టమడత దగ్గఱ చేతికి తగులును. వైద్యుడు కేసుపత్రమున 'ఊరుపర్వము' అని వ్రాసికొనవచ్చును. రైతుతో 'చిప్ప ఉన్న కీలు' అనిన చాలును.