తాతగారి ఫొటోలో చెవులెందుకు మసకగా ఉన్నాయి?

మన ఇళ్ళలో హాలు గోడమీదో, అమ్మ పెట్టె అడుగునో ముత్తాతగారిదో తాతమ్మగారిదో ఒక్క ఫొటో అయినా ఉండకపోదు. దాన్నొకసారి వెలుతురులో దగ్గరగా పెట్టుకుని చూడండి. కళ్ళు స్పష్టంగా ఉంటాయి. కనుపాపలో స్టూడియో కిటికీ చిన్న తెల్లచుక్కలా మెరుస్తుంటుంది. చెవుల దగ్గరికి వచ్చేసరికి రూపం మెత్తబడుతుంది. భుజాలు ఇంకా మసక. వెనకున్న తెర సరేసరి. పాత ఫొటో కదా, వెలిసిపోయింది అనుకుంటాం. వెలిసిపోవడం వేరు, ఇది వేరు. చాలా ఫొటోల్లో ఆ మసక తీసిన రోజునే ఉంది. అది లెన్సు చేసిన పని.

ఆ లెన్సు కథ వియన్నాలో మొదలవుతుంది. 1839లో పారిస్‌లో డగేర్ పద్ధతిని ప్రకటించినప్పుడు లోకమంతా అబ్బురపడింది కాని, ఒక చిక్కుంది. అప్పటి లెన్సు చాలా తక్కువ వెలుతురును లోపలికి రానిచ్చేది. మంచి ఎండలో కూడా నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి. మేడలూ గోపురాలూ కదలవు గనుక వాటికి సరిపోయింది. మనిషి ఊపిరి పీల్చకుండా, రెప్ప వేయకుండా అంతసేపు ఎలా కూర్చుంటాడు?

వియన్నా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణితం ప్రొఫెసరు ఉండేవాడు. నేటి స్లొవేకియాలోని ఒక చిన్న ఊళ్ళో 1807లో పుట్టినవాడు. అప్పటిదాకా లెన్సులంటే అద్దాలు అరగదీసి, పెట్టి చూసి, మళ్ళీ అరగదీసి తయారుచేసేవే. ఈయన ముందు కాగితం మీద లెక్క కట్టాడు. ఆ లెక్కల మోత భరించడానికి ఆస్ట్రియా రాకుమారుడు లుడ్విగ్ ఫిరంగి దళంలో లెక్కలు వచ్చిన సైనికుల్ని సాయం పంపాడు. గుండు ఎక్కడ పడుతుందో లెక్కగట్టేవాళ్ళు కాంతికిరణం ఎక్కడ పడుతుందో లెక్కగట్టారన్నమాట! 1840లో లెన్సు సిద్ధమైంది. ఇత్తడి గొట్టంలో నాలుగు అద్దాలు: ముందు రెండు అతికించినవి, వెనక రెండు మధ్య సందుతో. ఎఫ్/3.6. అంతకు ముందున్న వాటికంటే సుమారు పదహారు రెట్లు ఎక్కువ వెలుతురు. ప్లేట్లు కూడా మెరుగుపడటంతో నిమిషాల పని సెకన్లలోకి వచ్చింది. స్టూడియో అనే వ్యాపారం పుట్టింది.

లెన్సు తయారుచేసినవాడు వియన్నాలోనే ఉన్న ఫోయిట్‌లెండర్. పెట్జ్‌వాల్‌కి ఒక్కసారి 2,000 గుల్డెన్లు ముట్టాయి, అంతే. లెన్సులు వేలకొద్దీ అమ్ముడుపోయాయి. ఇద్దరికీ చెడింది. 1849లో ఫోయిట్‌లెండర్ జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఇంకో కార్ఖానా పెట్టుకున్నాడు. ఆస్ట్రియా బయట పేటెంటు లేదు కాబట్టి ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు దాన్ని అనుకరించారు. 1859లో పెట్జ్‌వాల్ ఇంట్లో దొంగలు పడ్డారు, ఏళ్ళ తరబడి రాసుకున్న రాతప్రతులు నాశనమయ్యాయి. ఆయన 1891లో పోయాడు. మన ముత్తాతల ముఖాల మీద ఇంత ముద్ర వేసిన మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇక మసక సంగతి. ఈ లెన్సు మధ్యభాగాన్ని అద్భుతంగా పట్టుకుంటుంది. కాని అది ఏర్పరచే బొమ్మ బల్లపరుపుగా కాకుండా గిన్నెలా వంపు తిరిగి ఉంటుంది. ప్లేటేమో చదును. గిన్నె అడుగు పలక మీద ఆనినచోట స్పష్టత, అంచులకు పోయేకొద్దీ మసక. ఒక్క ముఖానికి ఇది వరమే, చూపు నేరుగా కళ్ళ మీదికి పోతుంది. పెళ్ళివారి గ్రూపు ఫొటోకి మాత్రం శాపం. అందుకే తెలిసిన ఫొటోగ్రాఫర్లు గ్రూపుని చంద్రవంకలా కూర్చోబెట్టేవారు, చివరివాళ్ళు కెమెరాకి కాస్త దగ్గరగా వచ్చేట్టు. లేదా లెన్సు మధ్యలో చీలికలోంచి చిన్న రంధ్రం ఉన్న రేకు దించి వెలుతురు తగ్గించేవారు. అప్పుడు అందరూ స్పష్టంగా వస్తారు, కాని ఎక్కువసేపు కదలకుండా ఉండాలి. తాతగారు ఫొటోలో నవ్వకపోవడానికి ఇదొక కారణం. నవ్వును సెకన్ల తరబడి నిలిపి చూడండి, తెలుస్తుంది. మెడ వెనక కనపడకుండా ఇనప స్టాండు ఒకటి ఆనించి ఉంచడమూ ఉండేది.

మన ప్రాంతంలో ఈ విద్యకు పెద్ద పేరు లాలా దీనదయాళ్. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. 1886లో సికిందరాబాదులో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందాడు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది 1892 నాటి ముచ్చట: ఘోషా స్త్రీల కోసం హైదరాబాదులో వేరే స్టూడియో పెట్టి దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. పరాయి మగవాడి కంటపడని ఇల్లాళ్ళు కూడా లెన్సు ముందు కూర్చోగలిగారు. ఆయన 1905లో మరణించాడు. ఆయన గాజు ప్లేట్లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

తరువాతి తరంలో జిల్లా పట్నాల స్టూడియోలు వచ్చాయి. చెక్క కెమెరా, నల్లగుడ్డ, లెన్సు మూత తీసి మనసులో అంకెలు లెక్కబెట్టి మళ్ళీ మూత పెట్టడం. వెనక స్తంభాలూ, మెట్లూ, ఉద్యానవనం చిత్రించిన తెర. ఆ తెర మీద బొమ్మ ఎంత నాసిరకమైనా, లెన్సు దాన్ని మసక చేసి నిజం తోటలా భ్రమింపజేసేది! ఇంకో మాట: తొలినాటి ప్లేట్లకు ఎరుపు కనపడదు. అందుకే తాతమ్మగారి కుంకుమబొట్టు నల్లగా ఉంటుంది. అది కాటుకబొట్టనుకుని ఎవరైనా కథ అల్లితే నమ్మకండి.

19వ శతాబ్దం చివర్లో అంచుదాకా సమంగా పట్టే లెన్సులు వచ్చాయి, పాతవి మూలబడ్డాయి. వాటికి మళ్ళీ ప్రాణం పోసింది డిజిటల్ కెమెరాయే కావడం విచిత్రం. 2008 నుంచి అద్దం లేని కెమెరాలు వచ్చాయి. పాత రకం కెమెరాలో లెన్సుకీ ఫిల్ముకీ మధ్య సుమారు 45 మిల్లీమీటర్ల దూరం ఉండేది. కొత్తవాటిలో 20 లోపే. మిగిలిన ఖాళీలో ఒక రింగు బిగిస్తే పాత లెన్సు సరిగ్గా కూర్చుంటుంది. దీంతో సోవియట్ హీలియోస్ 44 లెన్సుకి మళ్ళీ గిరాకీ వచ్చింది. జర్మన్ జైస్ బయోటార్‌ని చూసి చేసిన 58 మిల్లీమీటర్ల లెన్సు అది. వెనక ఆకుల సందుల వెలుగు సుడి తిరిగినట్టు కనిపించడం దాని గుణం. పెట్జ్‌వాల్ లెన్సునే ఇత్తడితో మళ్ళీ చేయిస్తామని లోమోగ్రఫీ సంస్థ 2013లో చందాలడిగితే పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి.

మీరూ ప్రయత్నించవచ్చు. కొనేముందు లెన్సు వెనకనుంచి టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూడండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారిని ఉత్తరం వైపు కిటికీ పక్కన కూర్చోబెట్టండి. కరెంటు లేని రోజుల్లో స్టూడియోలు నమ్ముకున్నదీ ఆ నీడవెలుతురునే. మనకు దగ్గరగా ఉన్న కంటి మీద చేత్తో ఫోకస్ తిప్పండి. తొందర కూడదు. ఆవిడ మాట్లాడుతూనే ఉంటారు, ఉండనివ్వండి.

అయితే నేనిది రాయడానికి అసలు కారణం వేరు. పాత ఫొటోల్ని బాగుచేస్తామంటూ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. గీతలూ మరకలూ తీసెయ్యడం వరకు మంచిదే. కాని అవి అక్కడితో ఆగవు. మసకని లోపమనుకుని, ఎవరివో వేల ముఖాలు చూసి నేర్చుకున్న చెవులనూ, రెప్పవెంట్రుకలనూ, చర్మాన్నీ తెచ్చి తాతగారికి అతికిస్తాయి. చూడటానికి బాగుంటుంది, పిల్లలు అదే అసలు ముఖమనుకుంటారు. ఆయన ఎదుట ఆ రోజు నిలిచిన లెన్సు చూడని దాన్ని నూటపాతికేళ్ళ తర్వాత కంప్యూటరు ఎలా చూస్తుంది?

కాబట్టి ముందు అసలు ఫొటోని 600 డీపీఐలో యథాతథంగా స్కాన్ చేసి విడిగా దాచండి. వెనకవైపు కూడా; స్టూడియో పేరూ ఊరూ తరచు అక్కడే ఉంటాయి. ఫ్రేము గాజుకి అతుక్కుపోయిన ఫొటోని పీకకండి, గాజుతో సహా స్కాన్ చేయండి. పేర్లు రాయాలంటే బాల్‌పెన్ను కాదు, మెత్తని పెన్సిలు. ఆ పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి.