ఆనంది పాత్రలో జంషెడ్‌పుర్ యువతి: ధారావాహికలో నటి మారినప్పుడు ఏం జరుగుతుంది?

తెలుగు వీక్షకులు ‘చిన్నారి పెళ్లికూతురు’ పేరుతో చూసిన హిందీ ధారావాహిక ‘బాలికా వధు’. అందులో ప్రధాన పాత్ర ఆనంది. ఎనిమిదేళ్లు సాగిన ఆ కథలో ఆనందిగా ముగ్గురు నటించారు. బాలికగా అవికా గోర్, యువతిగా ప్రత్యూషా బెనర్జీ, ఆ తర్వాత తోరల్ రాస్‌పుత్రా వీక్షకుల ముందుకు వచ్చారు. వీరిలో ప్రత్యూష ఝార్ఖండ్‌లోని ఉక్కు నగరం జంషెడ్‌పుర్‌కు చెందినవారు.

దేశమంతా ఇష్టపడిన ఒక బాలనటి స్థానంలోకి, పెద్దగా ఎవరికీ తెలియని ఒక యువతి ఎలా వచ్చారు? వీక్షకులు ఆమెను ఎందుకు ఆమోదించారు? పాత్ర చేతులు మారితే నటికి మిగిలేదేమిటి? రోజువారీ ధారావాహికల పనితీరును అర్థం చేసుకోవడానికి ఆనంది పాత్ర మంచి ఉదాహరణ.

కథ, నేపథ్యం

‘బాలికా వధు’ 2008 జులై 21న కలర్స్ చానల్‌లో మొదలైంది. ఆ చానల్ ప్రసారాలు ఆరంభమైనదీ అదే రోజు. స్ఫియర్ ఆరిజిన్స్ సంస్థ దీనిని నిర్మించింది. 2016 జులై 31న ముగిసేనాటికి రెండు వేలకు పైగా భాగాలు ప్రసారమయ్యాయి.

రాజస్థాన్‌లోని జైత్‌సర్ గ్రామం నేపథ్యంగా కథ నడుస్తుంది. ఆటపాటల వయసులోనే ఆనందికి జగదీశ్ అనే బాలుడితో పెళ్లి జరుగుతుంది. పుట్టింటిని వదిలి అత్తవారింట అడుగుపెట్టిన ఆ పిల్లకు ఇంటి పెద్ద కల్యాణీదేవి ఆజ్ఞలే శాసనాలు. దాదీసాగా అందరికీ తెలిసిన ఆ పాత్రను జాతీయ పురస్కార గ్రహీత సురేఖా సిక్రీ పోషించారు.

బాల్య వివాహ నిషేధ చట్టం 2007 నవంబరులో అమలులోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఈ ధారావాహిక మొదలైంది. దురాచారాన్ని ఖండిస్తున్నదా, లేక అలవాటు చేస్తున్నదా అన్న చర్చ కూడా వెంటనే మొదలైంది. 2009లో ఈ అంశం పార్లమెంటులోనూ ప్రస్తావనకు వచ్చింది.

నటిని ఎందుకు మార్చవలసి వచ్చింది?

అవికా గోర్ 1997 జూన్ 30న జన్మించారు. ధారావాహిక మొదలైనప్పుడు ఆమె వయసు 11 ఏళ్లు. రెండేళ్లు గడిచేసరికి కథ ఒక మలుపు దగ్గరకు చేరింది. బాల్యంలో జరిగిన పెళ్లి, ఆ పిల్లలు పెద్దవారయ్యాక ఏమవుతుందన్నది కథకు ప్రాణం వంటి ప్రశ్న. దానికి సమాధానం చెప్పాలంటే ఆనంది ఎదగాలి. భార్యాభర్తల మధ్య దూరం, మరో స్త్రీ రాక, విడాకులు వంటి ఘట్టాలను 13 ఏళ్ల బాలికతో నటింపజేయడం సాధ్యం కాదు, సమంజసమూ కాదు.

బాలనటుల పని గంటలపై స్పష్టమైన నిబంధనలు తర్వాతి కాలంలో వచ్చాయి. బాలకార్మిక చట్టానికి 2016లో సవరణ జరిగింది, 2017లో నియమాలు మారాయి. వాటి ప్రకారం 14 ఏళ్ల లోపు బాలనటులు రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయరాదు. విరామం లేకుండా మూడు గంటలు దాటరాదు. వారి ఆదాయంలో కనీసం 20 శాతాన్ని జాతీయ బ్యాంకులో వారి పేరిట డిపాజిట్ చేయాలి. ఆనంది పాత్ర మొదటిసారి చేతులు మారిన 2010 నాటికి ఈ నియమాలు లేవు.

కథను కొన్నేళ్లు ఒక్కసారిగా ముందుకు జరపడాన్ని టీవీ పరిశ్రమలో ‘లీప్’ అంటారు. 2010లో ‘బాలికా వధు’ ఐదేళ్ల లీప్ తీసుకుంది. అవిక స్థానంలో ప్రత్యూష, బాల జగదీశ్ అవినాశ్ ముఖర్జీ స్థానంలో శశాంక్ వ్యాస్ వచ్చారు.

ఎంపిక ఎలా జరిగింది?

ప్రత్యూష 1991 ఆగస్టు 10న జంషెడ్‌పుర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. యువ ఆనంది కోసం జరిగిన అన్వేషణలో చివరి దశకు చేరిన ముగ్గురిలో ఆమె ఒకరు. తుది నిర్ణయంలో వీక్షకుల ఓటుకు చోటు కల్పించారు. ఆ పోటీలో ప్రత్యూష గెలిచారు.

సాధారణంగా పాత్రధారుల ఎంపిక మూసిన తలుపుల వెనుక జరుగుతుంది. రూపం సరిపోతుందా లేదా అని ముందు పరీక్షిస్తారు. ఆపై రెండు మూడు సన్నివేశాలు నటింపజేసి చూస్తారు. పాత నటి స్థానంలో కొత్తవారిని తీసుకునేటప్పుడు మరికొన్ని అంశాలు తోడవుతాయి. కళ్లు, నవ్వు, ముఖం తీరు పాత నటిని గుర్తు చేయాలి. యాస కుదరాలి. జంషెడ్‌పుర్ బెంగాలీ కుటుంబంలో పెరిగిన యువతి రాజస్థానీ పల్లె యాసలో, తలపై కొంగుతో, అప్పటికే రెండేళ్లుగా స్థిరపడిన తారాగణం మధ్య కుదురుకోవాలి.

ఓటింగ్ వల్ల చానల్‌కు ప్రచారం దక్కింది. దానితోపాటు మరో ప్రయోజనమూ నెరవేరింది. నటిని మార్చినప్పుడు ‘మా ఆనందిని తీసేశారు’ అన్న ఆగ్రహం రావడం సహజం. కొత్త ఆనందిని ఎంచుకోవడంలో తమకూ భాగం ఉందని వీక్షకుడు భావిస్తే, ఆ ఆగ్రహానికి ఆస్కారం తగ్గుతుంది.

ఉక్కు నగరం నుంచి ముంబయికి

సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, ఒకనాటి సాక్చి పల్లె ప్రాంతంలో జంషెడ్‌పుర్ వెలసింది. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీయే ఈ నగరానికి పునాది. జంషెడ్‌జీ టాటా పేరు మీద 1919లో దీనికి ఈ పేరు పెట్టారు. కర్మాగారంలో పనికోసం దేశం నలుమూలల నుంచి కుటుంబాలు తరలివచ్చాయి. హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో భాషలతో పాటు తెలుగు కూడా ఇక్కడ వినిపిస్తుంది. బిష్టుపుర్‌లోని రామమందిరం స్థానిక తెలుగువారికి ముఖ్యమైన ఆలయం.

సినిమా పరిశ్రమ లేని ఈ నగరం వినోద రంగానికి పలువురిని అందించింది. నటుడు ఆర్. మాధవన్, దర్శకుడు ఇంతియాజ్ అలీ, నటీమణులు ప్రియాంకా చోప్రా, తనుశ్రీ దత్తా ఇక్కడే జన్మించారు. గాయని శిల్పా రావు ఇక్కడి తెలుగు కుటుంబంలో పుట్టారు. హౌరా - ముంబయి రైలు మార్గంలోని టాటానగర్ స్టేషన్ నుంచి కళారంగంలో అవకాశాలు వెతుక్కుంటూ బయలుదేరిన ఇలాంటి వారి వరుసలో ప్రత్యూష పేరూ చేరింది. పాత్ర దక్కేనాటికి ఆమెకు 20 ఏళ్లు కూడా నిండలేదు.

వీక్షకులు ఎందుకు ఆమోదించారు?

అవిక పోషించిన ఆనంది ప్రశ్నలు అడిగే పిల్ల. ప్రత్యూష పోషించిన ఆనంది సమాధానాలు వెతుక్కోవలసిన స్త్రీ. వైద్య విద్య కోసం ముంబయి వెళ్లిన జగదీశ్ అక్కడ గౌరి అనే మరో యువతిని పెళ్లాడతాడు. ఆనంది కుంగిపోయినా నిలదొక్కుకుంటుంది. గ్రామ సర్పంచ్ అవుతుంది, విడాకులు తీసుకుంటుంది. 2012లో కలెక్టర్ శివరాజ్ శేఖర్‌తో ఆమె పునర్వివాహం జరుగుతుంది. ఆ పాత్రను సిద్ధార్థ్ శుక్లా పోషించారు.

బాల్య వివాహపు పర్యవసానాలన్నీ ఈ రెండో దశలోనే తెరకెక్కాయి. కనుక ప్రత్యూష పాత నటిని అనుకరించవలసిన అవసరం అంతగా లేకపోయింది. కథ కొత్త మనిషిని కోరింది, కొత్త మనిషి వచ్చింది. వయసు మారినందువల్ల ముఖం మారడాన్ని వీక్షకుడు సహజంగా స్వీకరించాడు.

2013లో జరిగిన మార్పు ఇందుకు భిన్నమైనది. ఆ ఏడాది ప్రత్యూష ధారావాహిక నుంచి తప్పుకోగా, తోరల్ రాస్‌పుత్రా ఆనందిగా వచ్చారు. ఈసారి ఆనంది వయసు మారలేదు. ఇల్లు, భర్త, బంధువులు అందరూ మునుపటివారే. మనిషి మాత్రమే వేరు. ఇలాంటప్పుడు కొత్త నటిపై భారం రెట్టింపవుతుంది. నిన్నటి సన్నివేశం వీక్షకుడి కళ్లలో ఇంకా మెదులుతుండగానే, పోలికను తట్టుకుని నిలవాలి. తోరల్ ఆ బాధ్యతను చేపట్టాక కథ మరో మూడేళ్లకు పైగా సాగింది. చివరి దశలో అది ఆనంది కుమార్తె నందిని చుట్టూ తిరిగింది. ఎదిగిన నందినిగా మాహీ విజ్ నటించారు.

పాత్రధారిని మార్చే మార్గాలు

రోజువారీ ధారావాహికను ‘సోప్ ఒపెరా’ అని కూడా అంటారు. 1930వ దశకంలో అమెరికా రేడియోలో ప్రసారమైన కుటుంబ కథలకు సబ్బుల కంపెనీలు ప్రాయోజకులుగా ఉండటమే ఆ పేరుకు మూలం. ఏళ్ల తరబడి సాగే ఇలాంటి కథల్లో నటులు మారడం తప్పనిసరి. అందుకు ప్రధానంగా నాలుగు మార్గాలున్నాయి.

మొదటిది, ఏ వివరణా ఇవ్వకుండా కొత్త నటుడిని ప్రవేశపెట్టడం. అమెరికా హాస్య ధారావాహిక ‘బివిచ్డ్’లో భర్త పాత్రధారి డిక్ యార్క్ స్థానంలో 1969లో డిక్ సార్జెంట్ ఇలాగే వచ్చారు.

రెండవది లీప్. ఆనంది విషయంలో 2010లో జరిగింది ఇదే.

మూడవది, మార్పునే కథలో భాగం చేయడం. బ్రిటన్‌లో బీబీసీ ‘డాక్టర్ హూ’లో 1966లో కథానాయకుడి శరీరమే మారిపోయినట్లు చూపి, విలియం హార్ట్‌నెల్ స్థానంలో పాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చారు. మన ధారావాహికల్లో ప్రమాదం, ఆపై ముఖానికి శస్త్రచికిత్స అన్న మలుపు ఈ కోవకే చెందుతుంది.

నాలుగవది, పాత్రకు ముగింపు పలికి, ఆ స్థానంలో వేరొక పాత్రను ప్రవేశపెట్టడం. ఇందులో ప్రమాదం ఎక్కువ. ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో 2001లో మిహిర్ చనిపోయినట్లు చూపినప్పుడు వీక్షకులు అంగీకరించలేదు. ఆ పాత్రను మళ్లీ బతికించవలసి వచ్చింది. అమర్ ఉపాధ్యాయ్ తర్వాత ఇందర్ కుమార్, రోనిత్ రాయ్ మిహిర్‌గా కొనసాగారు. అదే ధారావాహికలో స్మృతీ ఇరానీ పోషించిన తులసి పాత్రను 2007లో గౌతమీ కపూర్ చేపట్టారు. తర్వాత స్మృతి తిరిగి వచ్చారు.

తెలుగింట ఆనంది

‘చిన్నారి పెళ్లికూతురు’గా ఈ కథ మా టీవీలో ప్రసారమైంది. బాల్య వివాహం తెలుగువారికి కొత్త ఇతివృత్తం కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం 1892లోనే విజయనగరంలో ప్రదర్శితమైంది. రాజస్థానీ వస్త్రధారణ వేరైనా, ఆ ఇంటి పెద్దరికం, ఆ కోడలి మౌనం ఇక్కడి వీక్షకులకు పరిచితమే. మరోవైపు, డబ్బింగ్ ధారావాహికల వల్ల తమ ఉపాధి దెబ్బతింటోందని తెలుగు టీవీ కళాకారులు ఆందోళనలు చేశారు.

డబ్బింగ్‌లో ముఖం ఒకరిది, గొంతు మరొకరిది. తెర మీద నటి మారినా, గాత్రం ఇచ్చే కళాకారిణి కొనసాగితే వీక్షకుడికి పాత్రతో బంధం తెగదు. రేడియో నాటకాలకు అలవాటుపడిన శ్రోతలకు గొంతు ప్రాధాన్యం వేరుగా చెప్పనక్కరలేదు.

అవికా గోర్ తర్వాత తెలుగు సినిమాల్లో కథానాయిక అయ్యారు. 2013 డిసెంబరు 25న విడుదలైన ‘ఉయ్యాల జంపాల’ ఆమె తొలి తెలుగు చిత్రం. అప్పటికే ఆమె తెలుగిళ్లలో చిన్నారి పెళ్లికూతురుగా సుపరిచితురాలు.

పాత్ర మిగిలింది, నటి వెళ్లిపోయింది

ధారావాహికలో పాత్రపై హక్కు నిర్మాణ సంస్థది, చానల్‌ది. నటికి ఉన్నది ఒప్పందం మాత్రమే. ఏళ్ల తరబడి వారానికి ఐదారు రోజులు ప్రసారమయ్యే కథలో నటి స్వంత పేరు కంటే పాత్ర పేరే జనానికి గుర్తుంటుంది. పాత్ర చేతులు మారిన రోజున ఆ గుర్తింపు కూడా మరొకరితో పంచుకోవలసి వస్తుంది.

ప్రత్యూష ఆనందిగా ఉండగానే 2012లో ‘ఝలక్ దిఖ్‌లా జా’ నృత్య పోటీలో పాల్గొన్నారు. ధారావాహికను వీడిన తర్వాత 2013లో ‘బిగ్ బాస్’ ఏడవ సీజన్‌లో కనిపించారు. 2016 ఏప్రిల్ 1న ముంబయిలో ఆమె మరణించారు. వయసు 24 ఏళ్లు. ఆమె మరణంపై పోలీసులు నమోదు చేసిన కేసు న్యాయస్థానానికి చేరింది. నాటి వార్తల్లో చాలా చోట్ల ఆమె పేరుకు ముందు ‘ఆనంది’ అన్న మాట ఉంది. అప్పటికి ఆమె ఆ పాత్రను వదిలి మూడేళ్లు దాటింది. ధారావాహిక మాత్రం ఇంకా ప్రసారమవుతూనే ఉంది.

2021లో ‘బాలికా వధు 2’ వచ్చింది. అందులోనూ బాల ఆనందిగా శ్రేయా పటేల్, లీప్ తర్వాత యువతిగా శివాంగీ జోషీ నటించారు. పిల్ల పెద్దదవుతుంది, నటి మారుతుంది అన్న సంగతి ఈసారి వీక్షకులకు ముందే తెలుసు. అలా మారిన తొలి ఆనందిని తమ సొంతం చేసుకున్నది 2010 నాటి వీక్షకులు. ఆ నమ్మకాన్ని నిలబెట్టింది జంషెడ్‌పుర్ నుంచి వచ్చిన ఒక కొత్త నటి.

ఆనంది పాత్ర క్లుప్తంగా

2008: ‘బాలికా వధు’ ఆరంభం. బాల ఆనందిగా అవికా గోర్.
2010: ఐదేళ్ల లీప్. యువ ఆనందిగా ప్రత్యూషా బెనర్జీ.
2012: కథలో ఆనంది పునర్వివాహం.
2013: ప్రత్యూష స్థానంలో తోరల్ రాస్‌పుత్రా.
2016: ఏప్రిల్ 1న ప్రత్యూష మరణం. జులై 31న ధారావాహిక ముగింపు.
2021: ‘బాలికా వధు 2’ ప్రసారం.