లిప్‌స్టిక్, లిప్ గ్లాస్: ఏది ఎప్పుడు?

లిప్‌స్టిక్, లిప్ గ్లాస్ రెండూ పెదవులకు పూసుకునే సౌందర్య సాధనాలు. మొదటిది ముఖ్యంగా రంగు కోసం, రెండోది మెరుపు కోసం. రెండింటి సరుకూ దాదాపు ఒకే కుటుంబానికి చెందినదే: నూనె, మైనం, రంగుపొడి. పాళ్లు మారితే గుణం మారుతుంది. కాబట్టి ఏది కొనాలో తేల్చుకోవడానికి షేడ్ కార్డు కన్నా ఆ పాళ్ల సంగతి తెలియడమే ఎక్కువ పనికొస్తుంది.

తయారీ

లిప్‌స్టిక్ కడ్డీలా నిలబడేది మైనం వల్ల. తేనెమైనం 62–64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఇలాంటి మైనాలను కలిపి, పెదవి మీద జారేటంత మెత్తదనమూ గొట్టంలో విరగనంత గట్టిదనమూ రాబడతారు. ఇక నూనె విషయానికొస్తే, చాలా లిప్‌స్టిక్‌లలో వాడేది ఆముదమే. చిక్కటి నూనె కనుక రంగుపొడిని బాగా పట్టి ఉంచుతుంది. తలకు ఆముదం పెడతానంటే ఆమడ దూరం పరుగెత్తే అమ్మాయిలు అదే ఆముదాన్ని పెదవులకు ముచ్చటపడి రాసుకుంటున్నారన్నమాట. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండేది భారతదేశంలోనే. అందులో సింహభాగం గుజరాత్‌దే అయినా, పాలమూరు, నల్లగొండ మెట్ట చేలకూ ఇది పాత పంటే.

రంగుపొడిని ఆముదంలో కలిపి మూడు రోలర్ల మరలో మెత్తగా నూరుతారు. ఆ ముద్దను కరిగిన మైనంలో కలిపి అచ్చుల్లో పోస్తారు. చల్లారిన కడ్డీకి ఒక్క క్షణం మంట సెగ చూపిస్తారు. కొత్త లిప్‌స్టిక్ మూత తీయగానే కనిపించే నిగనిగ ఆ సెగ వల్ల వచ్చిందే.

గ్లాస్‌లో మైనం బాగా తక్కువ, ఒక్కోసారి అసలు ఉండదు. పాలీబ్యూటీన్ వంటి జిగట ద్రవం ఎక్కువ. అందుకే తేనెలా సాగుతుంది. పెదవుల మీది సన్నటి నిలువు గీతలను నింపి నున్నటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొర మీద పడిన వెలుతురు అద్దం మీద పడినట్టు తిరిగొస్తుంది. పలుచటి పెదవులు కాస్త నిండుగా కనిపించేది అందుకే. మ్యాట్ లిప్‌స్టిక్‌లో పొడి వాటా ఎక్కువ కనుక వెలుతురు చెల్లాచెదురవుతుంది. రంగు నిండుగా, మెరుపు లేకుండా ఉంటుంది.

చరిత్ర

రంగు వేరు, మెరుపు వేరు అన్న ఎరుక మనకు కొత్తది కాదు. వాత్స్యాయనుడి కామసూత్రంలో నాగరకుడు ఉదయాన సింగారించుకునే సరంజామాలో మైనం, లత్తుక (లక్క ఎరుపు) రెండూ ఉన్నాయి. ఆ తర్వాత అద్దంలో ముఖం చూసుకుని తాంబూలం వేసుకుంటాడు. అతను మగవాడన్నది గమనించాలి.

పారిస్‌కు చెందిన గెర్లాన్ సంస్థ 1870లో లిప్‌స్టిక్‌ను సరుకుగా అమ్మింది. తిప్పితే పైకి లేచే గొట్టానికి అమెరికాలో 1923లో పేటెంట్ వచ్చింది. గ్లాస్ 1930ల హాలీవుడ్‌లో మేకప్ నిపుణుడు మాక్స్ ఫాక్టర్ చేతి మీదుగా వచ్చింది. నలుపు తెలుపు సినిమాలో ఎరుపు రంగు పూస్తే తెర మీద నల్లగా కనిపిస్తుంది తప్ప తళుకు రాదు. దీపాల వెలుగు పెదవి మీద మెరవాలంటే తడిగా కనిపించే పూత కావాలి. భారతదేశంలో లాక్మే 1952లో టాటాల ఆధ్వర్యంలో మొదలైంది. లక్ష్మి అన్న పేరు ‘లాక్మే’గా ఫ్రెంచి ఆపెరాలోకి వెళ్లి, అక్కడి నుంచి ఇలా ఇంటికి తిరిగొచ్చింది.

ఎంపిక

పెళ్లికూతురికి గ్లాస్ ఒక్కటే పూయడం తెలివైన పని కాదు. తలంబ్రాలు పోసుకునే వేళ పసుపు బియ్యపు గింజ పెదవికి అంటుకుని, ఫొటోలన్నిటిలోనూ అలాగే ఉండిపోతుంది. స్కూటీ మీద వెళ్లేవారికి గాలికి ఎగిరిన జుట్టు, దుమ్ము అంటుకుంటాయి. ఇలాంటి చోట లిప్‌స్టిక్ మేలు. భోజనాల దగ్గర మాత్రం మామూలు కడ్డీ లిప్‌స్టిక్ కూడా ఓడిపోతుంది. పప్పులో వేసుకున్న నెయ్యి దాన్ని కరిగిస్తుంది. నూనెకు నూనే విరుగుడు. విందుకు వెళ్తుంటే ఆరిపోయే రకం లిక్విడ్ లిప్‌స్టిక్ కాస్త నిలుస్తుంది. అందులోని ద్రావకం ఆవిరై, రంగు సన్నటి పొరలా బిగుసుకుంటుంది. ఇది కూడా గ్లాస్ లాంటి సీసాలోనే, పుల్లతో సహా వస్తుంది కనుక దుకాణంలో పొరపడేవారు చాలామంది. వేలి మీద రాసి రెండు నిమిషాలాగితే తెలిసిపోతుంది: జిగటగానే ఉంటే గ్లాస్, ఆరితే లిప్‌స్టిక్.

పెదవి చర్మం పలుచన. చెమట గ్రంథులు లేవు. తేమ త్వరగా పోతుంది. పగిలిన పెదవుల మీద మ్యాట్ వేస్తే పొట్టు ఎత్తి చూపిస్తుంది. అప్పుడు గ్లాస్ నయం. పెదవులు ఉబ్బినట్టు కనిపించడానికి మిరప, పుదీనా సారాలు కలిపిన గ్లాస్‌లు మాత్రం మంట పుట్టిస్తాయి, పగుళ్ల మీద అసలు వద్దు. పెదవులు సహజంగా ముదురు రంగులో ఉన్నవారికి లేత గ్లాస్ రంగు పైకి కనిపించదు, మెరుపే మిగులుతుంది. లిప్‌స్టిక్ వేసి నడుమ మాత్రం చుక్క గ్లాస్ అద్దడం రెండూ కావాలనుకునేవారి పద్ధతి. అంచుల దాకా పూస్తే రంగు గీత దాటి పాకుతుంది.

కొన్ని ఎరుపులకు కార్మైన్ అనే రంగు వాడతారు. అది నాగజెముడు జాతి మొక్కల మీద బతికే పురుగుల నుంచి తీసేది. శాకాహార నియమం ఉన్నవారు పెట్టె మీది వివరాలు చదువుకోవాలి.

నిల్వ

మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు. అందులో మర్చిపోయిన లిప్‌స్టిక్ మీద చెమట పట్టినట్టు నూనె బొట్లు తేలతాయి, కడ్డీ వంగుతుంది. గ్లాస్ పలుచనవుతుందంతే. అయితే దాని పుల్ల ప్రతిసారీ పెదవిని తాకి, అక్కడి క్రిములతో మళ్లీ సీసాలోకే పోతుంది. స్నేహితురాలికి ఇచ్చిన లిప్‌స్టిక్ పైపొరను చాకుతో గీకి వాడుకోవచ్చు. గ్లాస్‌కు ఆ వీలు లేదు.