ఐదో దోషం

మా పోరుమామిళ్ల చెరువు కట్ట మీద, భైరవుడి గుడి ముందు ఒక శాసనం ఉంది. చిన్నప్పుడు గొడ్లు కాసుకుంటూ ఆ రాళ్ల దగ్గరే సద్ది మూట విప్పేవాళ్లం. అందులో ఏం రాసి ఉందో మాకు చెప్పినవాళ్లు లేరు. నలభై ఏళ్లు దాటాక, బోరు ఎండిపోయి దిక్కుతోచని రోజుల్లో, దాని సంగతి చదివాను. అప్పుడు కలిగిన బాధే ఈ వ్యాసం రాయిస్తోంది.

శాసనం శక సంవత్సరం 1291 నాటిది. మన లెక్కలో 1369. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఉదయగిరి నుంచి పాలిస్తూ ఈ చెరువు తవ్వించాడు. మాల్దేవి ఏటి నీళ్లు ఆపడానికి కొండల మధ్య సందుల్ని కట్టలతో మూయించాడు. కట్ట పొడవు ఆనాటి కొలతలో 5,000 రేఖాదండాలు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు అనంతరాజసాగరమని పేరు పెట్టారు.

చాలా శాసనాలు రాజును పొగిడి, దానం చెప్పి ఊరుకుంటాయి. మాది అలా కాదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది. నీటిశాస్త్రం తెలిసిన మనిషి కావాలి, నేల గట్టిది కావాలి, తియ్యటి నీళ్ల ఏరు ఉండాలి, పని తెలిసిన కూలీలు ఉండాలి అంటుంది. ఆ తర్వాత ఆరు దోషాలు చెబుతుంది. కట్ట ఊటలెత్తడం, నేల చవుడు కావడం, రెండు రాజ్యాల ఎల్లలో పడటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్లు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్లు ఎక్కువ కావడం.

ఐదోది మళ్లీ చదవండి. నీళ్లు తక్కువ, భూమి ఎక్కువ. ఆరున్నర శతాబ్దాల కింద రాతి మీద చెక్కి పెట్టిన తప్పును, మా తరం వాళ్లం చేతులారా చేశాం.

మా తాత కాలంలో తూము దగ్గర నీరుగంటి ఉండేవాడు. చెరువు నిండిన ఏడు ఆయకట్టంతా వరి నాటేవాళ్లు. సగమే నిండితే ఎంతవరకు నాటాలో పెద్దలు కూర్చుని తేల్చేవాళ్లు. మడవ ఎవరు ఎప్పుడు తిప్పుకోవాలో నీరుగంటి చెప్పిందే మాట. కోతలప్పుడు కళ్లంలో అతని వాటా గింజలు అతనికి కొలిచేవాళ్లు. ఆ పద్ధతిలో అన్యాయాలు లేవని అనను. ఏ పొలానికి ముందు, ఏ పొలానికి వెనక అన్నదాంట్లో కులం, పలుకుబడి రెండూ పనిచేసేవి. కానీ ముందు నీళ్లు చూసి, తర్వాత భూమి లెక్క కట్టే అలవాటు మాత్రం ఊరందరిదీ.

బోర్లు వచ్చాక ఆ అలవాటు పోయింది. చెరువులో నీళ్లు కంటికి కనపడతాయి, భూమి కిందివి కనపడవు. మా నాయన వేయించిన మొదటి బోరు నీళ్లతో మేం వరే పెట్టాం. వరికి పంటకాలమంతా 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పట్టాయనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్ల పైమాటే. కరెంటు ఉన్నంతసేపూ మోటరు ఆడేది. మట్టి కాలవలో కొంత ఇంకిపోయేది, గట్ల మీద గడ్డి కొంత తాగేది, మిగిలింది మళ్లలో నిలిచేది. బోరు తగ్గితే ఇంకా లోతుకు వేయించేవాళ్లం. 2002లో వాల్టా చట్టం వచ్చింది. నీళ్లూ చెట్లూ కాపాడుకోవాలనే చట్టం అది. మా పొలాల్లో మాత్రం బోర్లు లోతుకు పోతూనే ఉన్నాయి.

2003 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. రాయితీ మీద డ్రిప్పు పైపులు రావడంతో ఊళ్లో ఒక్కొక్కరే వరి మాని తోటల వైపు మళ్లారు. నేను ఆలస్యంగా మళ్లాను. మళ్లాక నేర్చుకున్న మొదటి పాఠం కొలత. ఎకరా పొలంలో ఒక మిల్లీమీటరు మందాన నీళ్లు పరిస్తే 4,047 లీటర్లు. ఎండాకాలం తోటకు రోజుకు 5 మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఇరవై వేల లీటర్లు. నా బోరు దగ్గర 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తే తొంభై సెకన్లలో నిండింది. అంటే గంటకు 8,000 లీటర్లు. రెండున్నర గంటల్లో ఎకరా తోట దాహం తీరాలి. అదే మోటరును నేను ఇన్నేళ్లూ ఏడు గంటలు ఆడించాను. డ్రమ్మూ గడియారమూ అప్పుడు కూడా మా ఇంట్లోనే ఉన్నాయి.

పైపులు పరిచినంత మాత్రాన పని అయిపోదు. మా నీళ్లలో ఉప్పు ఎక్కువ. రెండో ఏడు డ్రిప్పర్ల నోళ్లు తెల్లగా పొక్కు కట్టి సగం చెట్లు వాడాయి. ఫిల్టరు కడగడం, పైపుల చివరి మూతలు విప్పి మడ్డి నీళ్లు వదలడం, అదునుకు యాసిడ్ పట్టించడం నేర్చుకున్నాక తోట తేరుకుంది. వరి వదలలేని వాళ్లకూ దారి ఉంది. బెజ్జాల గొట్టాన్ని మడిలో పాతి, లోపలి నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టొచ్చు. పూత దశలో మాత్రం నీళ్లు నిలిచి ఉండాలి. ఇంటి ముందు మొక్కలకైతే మా అవ్వ పద్ధతి చాలు. పాదులో మట్టికుండ మెడ దాకా పాతి నీళ్లు పోసి మూత పెట్టేది. కుండ చెమర్చిన మేరకే వేరు తాగేది.

ఇంత చెప్పాక అసలు మాట చెప్పాలి. డ్రిప్పుతో నీళ్లు మిగిలిన మొదటి ఏడే నేను ఇంకో ఎకరా కౌలుకు తీసుకుని అదే బోరు కింద తోట పెట్టాను. నాలాగే చాలామంది పెట్టారు. మిగిలిన నీళ్లు భూమిలో మిగలలేదు, కొత్త ఎకరాలకు పోయాయి. వేసవి రాగానే బోర్లు మళ్లీ గాలి కొట్టాయి. పైపు మారింది, దోషం అదే. ఆ కౌలు పొలం వదిలేశాను. ఇప్పుడు ఉన్న రెండెకరాలకే నీళ్లు పెడుతున్నాను.

పోరుమామిళ్ల రైతులారా, డ్రిప్పు వేసుకోండి, రాయితీ వాడుకోండి. మిగిలిన నీళ్లకు మాత్రం కొత్త ఎకరా వెతకొద్దు, భూమిలోనే ఉండనివ్వండి. ఈ వేసవిలో ఒక పొద్దు మీ పిల్లల్ని కట్ట మీదికి తీసుకెళ్లి, భైరవుడి గుడి ముందున్న ఆ రాళ్లలో ఏం రాసి ఉందో చెప్పండి.