తోటకొలనులోని గుఱ్ఱపుడెక్క

గుఱ్ఱపుడెక్క కంటికింపైన మొక్క. దాని యూదావన్నె పూగుత్తిని దగ్గఱగాఁ జూచినచో, ప్రతి పూవునందును పైరేకుమీఁద నీలపు మచ్చయు దాని నడుమ పసుపు బొట్టును గానవచ్చును. నెమలికన్ను జ్ఞప్తికి వచ్చును. ఆకుకాడ బుఱ్ఱవలె నుబ్బి లోపల గాలిగదులతో నిండియుండుటచే మొక్క తెప్పవలెఁ దేలును. వేళ్లకు మన్నక్కఱలేదు. ఇట్టిదానిని తోటకొలనులో నుంచుకొనవలెనని యెవరికిఁ దోఁపదు? దీని చరిత్ర యంతయు నా కోరికనుండియే పుట్టినది.

దీని పుట్టినిల్లు దక్షిణామెరికాలోని అమెజాను నదీప్రాంతము. 1823లో మార్షియస్ అను జర్మను పండితుఁడు దీనిని శాస్త్రరీతిని వర్ణించెను. తరువాతివారు ప్రష్యాదేశపు విద్యామంత్రి ఐఖార్ను పేరు దీనికిఁ దగిలించిరి. విద్యామంత్రి పేరు కలుపుమొక్కకుఁ దక్కుట బడిపంతులనైన నాకు నవ్వు పుట్టించుచుండును.

అమెరికాలోని ఫ్లారిడాలో, సెయింటు జాన్సు నదీతీరమున, పలాట్కా పట్టణ సమీపమందు 1890 ప్రాంతమున నొక గృహస్థు తన కొలనులో దీనిని పెంచెను. కొలను నిండిపోయినది. మిగిలిన మొక్కలను నదిలోఁ బాఱవేయించెను. నదియు నందముగా నుండునని సంతోషించియుండును, పాపము! కొలఁది యేండ్లకే పడవలు నడువ వీలుగాక, 1899లో అమెరికా శాసనసభవారు దీనిని తొలఁగించుటకు సైనిక యింజనీర్లకు నధికార మీయవలసివచ్చెను.

వంగదేశమునకును ఇది యలంకారముగానే వచ్చినది. అక్కడ వరిపొలములే చెఱువులు, కాలువలే బాటలు. కావున రైతునకుఁ బంటయు పడవయు నొక్కసారిగాఁ జిక్కుపడెను. జర్మనీ పాచి యనియు జనులు దీనిని దూషించిరి. 1921లో సర్ జగదీశచంద్ర బోసు అధ్యక్షతను విచారణసంఘ మేర్పడెను. 1936లో, దీనిని పెంచరాదనియు, తమ భూములలో నున్నదానిని నాశము చేయవలెననియు శాసనము వెలువడెను. శాసనమునకు మనుష్యులు లోఁబడుదురు గాని, అనుకూలమైన నీటిలో రెండు వారములలో నినుమడించు మొక్క లోఁబడునా?

పుట్టినింట దీనిని తిను పురుగు లున్నవి. పరదేశములకు మొక్క మాత్రమే వచ్చెను, శత్రువులు రాలేదు. ఈ తర్కము ననుసరించియే 1980ల దశకమున మన దేశమున శాస్త్రజ్ఞులు దక్షిణామెరికా ముక్కుపురుగులను దెప్పించి నీటిలో విడిచిరి. కొన్నియెడల మేలు కలిగినది. మన కొల్లేటిలోను, కృష్ణా గోదావరీ కాలువలలోను మాత్ర మిది యింకను బరచుకొనియే యున్నది.

అందము కావలసినవారికి మన కలువ యున్నది. గుఱ్ఱపుడెక్కయే కావలెనను పట్టుగలవారు దానిని నీరు పొరలి పోని తొట్టిలో నుంచి, మిగిలిన మొక్కలను కాలువకు దూరముగా నెండలోఁ బఱచి, ఎండిన పిమ్మట నెరువుగుంటలో వేయవలెను.