కొరింథులో నిలిచిపోయిన చందా

వేసవి సెలవులు వచ్చాయి. మందిరంలో చాపలు ఖాళీ అవుతాయి, కానుకల సంచి తేలికవుతుంది.

కొరింథు రెండు రేవుల పట్టణం. రెండేళ్లకోసారి దగ్గరలోనే ఇస్త్మియ క్రీడలు. ఎప్పుడూ వచ్చేపోయే జనమే. సుమారు క్రీ.శ. 55లో పౌలు ఎఫెసు నుండి అక్కడి సంఘానికి రాస్తూ, యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు ప్రతి ఆదివారం ఎవరి రాబడి కొలది వారు తమ యొద్దనే కొంత తీసి ఉంచమన్నాడు. తాను వచ్చాక వసూళ్లు పెట్టవద్దన్నాడు. "తమ యొద్ద" అంటే ఇంటి దగ్గరేనని చాలామంది వ్యాఖ్యాతలు గ్రహించారు. మాకూ అదే సరిగా తోస్తుంది. ఆ లెక్కన ప్రయాణంలో ఉన్నవానికీ ఆదివారం తప్పదు.

కొరింథువారు ఉత్సాహంగానే ఒప్పుకున్నారు. ఏడాది గడిచినా చందా పూర్తి కాలేదు. చివరికి పౌలు తీతును, మరో ఇద్దరు సహోదరులను పంపవలసి వచ్చింది. (గుర్తు చేయడానికి ముగ్గురు మనుషులు!) ఆలోగా యెరూషలేము బీదలకు ఆకలి ఆగిందా? అయినా అకయవారు ఇచ్చారని రోమా పత్రిక 15వ అధ్యాయంలో చూస్తాము.

నూరేళ్ల తర్వాత రోమాలో హతసాక్షి జస్టిన్ ఆదివారపు ఆరాధనను వర్ణించాడు. ఆ కానుకలతో విధవరాండ్రను, అనాథలను, రోగులను, ఖైదీలను, పరదేశులను ఆదుకునేవారు. రాలేకపోయినవారికి పరిచారకులు రొట్టెను, పాత్రను తీసుకువెళ్లి ఇచ్చేవారు. దూరంగా ఉన్నవారిని సంఘం లెక్కలోనుండి తీసేయలేదు.

మన విధవరాండ్ర బియ్యం కూడా ఆదివారపు కానుకలోనుండే కొంటాము. మే నెల కవర్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఊరెళ్లేవారు ముందే తీసుకోండి.